మందు అనే మాటకు మూడు అర్థాలు



ఈవేళ ఒక చిన్న మాటతో మొదలుపెడతాను. ఆ మాట "మందు". మా గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఈ మాటకు మూడు అర్థాలు వున్నాయి. పొద్దున పదిగంటల వేళ "మామయ్య మందు కొట్టడానికి వెళ్ళాడు" అంటే పత్తిచేలో పురుగుమందు చల్లడానికని అర్థం. రాత్రి పదిగంటలకు అదే మాట అంటే అర్థం వేరు, అది మీకు నేను చెప్పనక్కర్లేదు. "మందు వేసుకున్నావా?" అని కోడలు అడిగితే అది డాక్టరు రాసిచ్చిన మాత్ర. మూడింటినీ ఒకే పేరుతో పిలుచుకుంటూ, మూడింటినీ ఒకే కప్పు కింద పెట్టుకుని బతుకుతున్నాం. మొదటి రెండు మందులూ ఏ పల్లెలో అయినా నడిచి వెళ్ళేంత దూరంలో దొరుకుతాయి. మూడోది, అందులోనూ మనసుకు సంబంధించినది, ఎంత దూరంలో వుందో ఎప్పుడైనా లెక్క వేశారా? ఆ దూరం ఎలా తగ్గుతూ వచ్చిందన్నదే ఇవాళ్టి ముచ్చట.

"మేము పట్నంలో వుంటున్నాం, పల్లెల సంగతి మాకెందుకు?" అనుకోకండి. మనలో ఎంతమందికి పల్లెలో పుట్టిల్లు లేదు? తాగుడూ, దిగులూ పట్నంలోని మేడ మెట్లు ఎక్కలేవా?

నా చిన్నతనపు సంగతి ఒకటి చెబుతాను. మాది చిలకలూరిపేట వైపు. మా వీధి చివరి ఇంట్లో ఒక పిన్ని వుండేది. కాన్పు అయిన పదిరోజులకు ఆవిడ మనిషే మారిపోయింది. నిద్ర లేదు, బిడ్డను దగ్గరికి రానివ్వదు, గోడతో మాట్లాడేది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు, చివరికి వెనకగదిలో పెట్టి గడియ వేశారు. ఆ జబ్బుకు వైద్యం వుందనీ, సకాలంలో అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా ఎక్కడికి తీసుకెళతారు? పెద్ద మానసిక ఆసుపత్రి అంటే ఒకటి విశాఖపట్నంలో, ఇంకొకటి హైదరాబాదు ఎర్రగడ్డలో. గుంటూరు నుంచి విశాఖకు నాలుగొందల కిలోమీటర్లకు కాస్త తక్కువ, ఎర్రగడ్డకు మూడొందలకు కాస్త తక్కువ. బాలింతను రైలెక్కించి అంతదూరం తీసుకెళ్ళడానికి ఎవరికి ధైర్యం? పైగా "పిచ్చాసుపత్రికి వెళ్ళింది" అన్న పేరు పడితే ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లల గతి ఏమిటి? దారి దూరానికి ఈ పరువు దూరం తోడయింది.

ఇక తాగుడు సంగతి. మన ప్రాంతంలో దాన్ని చాలాకాలం జబ్బుగా కాక, చట్టంతో తీర్చవలసిన నేరంగానో, నీతులు చెప్పి సరిచెయ్యవలసిన దోషంగానో చూశారు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది, అదీ మద్యనిషేధం విషయం మీదే, ఒక్క ఓటు తేడాతో. ఆయన పేరు పెట్టుకున్న జిల్లాలో పుట్టినవాళ్ళం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చింది. ప్రకాశానికి పొరుగునే వున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సీతమ్మ కథ అనే పాఠం చదివారు. అది తమ కథేనని గుర్తుపట్టారు. సారా బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. 1991, 92లో మొదలైన ఆ పోరు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమయింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అదీ సడలిపోయింది.

ఆ తల్లుల పోరాటం గొప్పది, సందేహం లేదు. కానీ ఆ చరిత్రలో ఒక వెలితి వుంది. దుకాణం మూసిన మర్నాడు, ఇరవై ఏళ్ళుగా తాగుతున్నవాడి ఒంట్లో ఏం జరుగుతుంది? అతన్ని ఎవరు చూస్తారు? ఆ ప్రశ్నకు జవాబు ఏ చట్టంలోనూ లేదు.

జవాబు చెప్పినవారిలో ఒక ఇల్లాలు వుంది. మద్రాసులో శాంతి రంగనాథన్ అనే ఆవిడ భర్త తాగుడు వల్ల 1979లో చిన్నవయసులోనే పోయారు. మరుసటి ఏడే, 1980లో, ఆవిడ భర్త పేరు మీద తాగుడుకు చికిత్స చేసే సంస్థను మొదలుపెట్టారు. అక్కడ రోగితోపాటు ఇంటివాళ్ళకు కూడా చికిత్సలో చోటు కల్పించారు. తాగుడు ఒక జబ్బు, దానికి ఇల్లంతా లోనవుతుంది, కాబట్టి బాగుపడవలసింది కూడా ఇల్లంతా అన్నది ఆ పద్ధతి. 1992లో ఆవిడకు పద్మశ్రీ ఇచ్చారు.

ఇక్కడ మీకొక చిత్రమైన సంగతి చెప్పాలి. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం గురించి మీరు వినే వుంటారు. దాని పుట్టుక ఒక టెలిఫోను దగ్గర జరిగింది. 1935 మేలో బిల్ అనే వ్యాపారి అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్ళో ఒక హోటల్లో వున్నాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగుడు మానేశాడు. పని చెడింది, చేతిలో డబ్బులు లేవు, పక్కనే బారు. కాళ్ళు అటు లాగుతున్నాయి. లోపలికి వెళ్ళే బదులు హోటలు ముంగిట్లో వున్న ఫోను అందుకుని, ఊళ్ళోని చర్చిలకు వరసగా ఫోన్లు చేశాడు. "నాలాగే తాగుడుతో బాధపడుతున్నవాడు ఎవరైనా వుంటే చెప్పండి, అతనితో మాట్లాడాలి" అని అడిగాడు. అలా ఒక డాక్టరు దొరికాడు, అతనూ తాగుబోతే. వాళ్ళిద్దరి మాటల్లోంచి ఆ సంఘం పుట్టింది. తాగేవారి భార్యల కోసం, కుటుంబాల కోసం అల్ అనాన్ అనే తోడు సంఘం 1951లో వచ్చింది. లండన్‌లో 1953లో చాద్ వరా అనే మతగురువు, బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్ళు ఫోను చేసి మాట్లాడుకోవడానికి సమారిటన్స్ అనే సేవ మొదలుపెట్టాడు. మన వైపు చెన్నైలో 1986లో స్నేహ, హైదరాబాదులో 1997లో రోష్ని అదే దారిలో వచ్చాయి. అంటే మనసుకు వైద్యం తీగ మీద వెళ్ళగలదన్నది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు.

డాక్టర్లు కూడా త్వరగానే అందుకున్నారు. అమెరికాలో నెబ్రాస్కా అనే చోట 1959లోనే టెలివిజను ద్వారా మానసిక రోగులతో మాట్లాడి చూశారు. 1964లో, 112 మైళ్ళ దూరంలో వున్న ప్రభుత్వ ఆసుపత్రికి అలాగే లంకె వేశారు. మన దేశంలో ఈ దూరవైద్యానికి పురుడు పోసింది ఒక తెలుగు పల్లె. చిత్తూరు జిల్లా అరగొండలో, ఇస్రో ఉపగ్రహం సాయంతో నగరంలోని డాక్టర్లు పల్లె రోగిని చూసే కేంద్రాన్ని 2000 మార్చి 24న ప్రారంభించారు. ప్రారంభించింది అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన కోస్తా ఊళ్ళూ దెబ్బతిన్నాయి. తమిళనాడులో ఆ తరువాత స్కార్ఫ్ అనే చెన్నై సంస్థ దూరవైద్యాన్ని మనసు బాధలకు వాడింది. 2010 నుంచి పుదుక్కోట్టై జిల్లా పల్లెలకు ఒక బస్సు పంపింది. రోగి బస్సులో కూర్చుంటాడు, డాక్టరు చెన్నైలో తెర మీద కనిపిస్తుంది, మందులు బస్సులోనే ఇస్తారు. ఇంటింటికీ స్మార్ట్‌ఫోను రాని రోజుల్లో అది చాలా తెలివైన పని.

మన పత్తి మిర్చి నేలల్లో మాత్రం ఆ అవసరం అంతకంటే ముందే మొదలైంది. 1970ల్లో పత్తి మా జిల్లాలకు సిరి తెచ్చింది. నల్లరేగడి నేల, కొత్త వంగడాలు, మేడలు, ట్రాక్టర్లు. 1980ల నడిమికి వచ్చేసరికి తెల్లదోమ, శనగపచ్చ పురుగు దిగాయి. ఎంత మందు కొట్టినా చావవు. అప్పు చేసి మళ్ళీ కొట్టారు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ప్రాణాలు తీసుకుంటున్నారన్న వార్తలు దేశమంతా విన్నది. అప్పుల గురించి, విత్తనాల గురించి, పురుగుమందుల కల్తీ గురించి చర్చలు జరిగాయి, జరగవలసిందే. కానీ నెలల తరబడి నిద్రపట్టక, అన్నం సయించక, ఎవరితో చెప్పుకోలేక కూర్చున్న ఆ మనిషికి ఒక మనోవైద్యుడు కావాలన్న మాట అప్పట్లో ఎక్కువగా వినపడలేదు. మనసుకు వైద్యాన్ని జిల్లాలకు తీసుకెళ్ళాలన్న జాతీయ కార్యక్రమం 1982లో కాగితం మీదికి వచ్చింది. 1996లో నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే, అందులో మన రాష్ట్రానికి దక్కింది మెదకు. మిగతా జిల్లాలకు అది నెమ్మదిగా పాకింది.

2015, 16 సంవత్సరాల్లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు దేశమంతా తిరిగి ఒక సర్వే చేశారు. తాగుడు జబ్బుగా మారినవారిలో నూటికి ఎనభై ఆరుగురికి ఏ చికిత్సా అందడం లేదని తేలింది. లక్షమంది జనానికి ఒక్క మనోవైద్యుడు కూడా లెక్కకు రాని దేశం మనది. వున్నవారు పట్నాల్లో వుంటారు. మిర్చి కోతల కాలంలో, కల్లంలో కాయ ఆరుతుండగా, తాలుకాయలు ఏరే కూలీలు ఎదురుచూస్తుండగా, ఒక ఇల్లాలు భర్తను వెంటబెట్టుకుని నెలనెలా గుంటూరు ఆసుపత్రికి రావాలంటే ఎన్నిసార్లు రాగలదు? మొదటి నెల వస్తుంది. రెండో నెల యార్డుకు టిక్కీలు తోలాలంటాడు. మూడో నెల మందు మానేస్తాడు, ఆ మందు మానగానే ఈ మందు మొదలుపెడతాడు.

ఇంతలో 2020 వచ్చింది. మార్చి 25న దేశమంతా తాళం పడింది. బస్సులు లేవు, ఆసుపత్రుల్లో మామూలు చూపులు ఆగిపోయాయి, మద్యం దుకాణాలు కూడా మూతపడ్డాయి. వారం తిరక్కుండానే ఎర్రగడ్డ ఆసుపత్రికి వణికిపోతూ, కలవరిస్తూ మనుషులు రావడం మొదలైంది. దీని వెనకున్న సంగతి మనం తెలుసుకోవాలి. రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుకు అలవాటుపడి, దానికి ఎదురుగా తన వేగం పెంచుకుని వుంటుంది. ఉన్నట్టుండి మత్తు ఆపితే ఆ వేగానికి పగ్గం వుండదు. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, కొందరికి ఫిట్లు వస్తాయి, రెండు మూడు రోజులకు లేనివి కనపడతాయి, వినపడతాయి. ఆ దశలో ప్రాణమే పోవచ్చు. "రెండు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే వాడే మానతాడు" అని మన పెద్దవాళ్ళు అనే మాట ఎంత ప్రమాదమో చూడండి.

మేలో దుకాణాలు తెరిచారు, ధరలు బాగా పెంచారు. ఆ జులై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో వైరస్ కట్టడి కోసం మళ్ళీ దుకాణాలు మూశారు. అలవాటు ఆపుకోలేనివాళ్ళు చేతులు కడుక్కునే శానిటైజరు తాగారు. పదిమందికి పైగా చనిపోయారు. పేపర్లలో అది ఒకటి రెండు రోజుల వార్త. కానీ చూడండి, 1993లో మిగిలిపోయిన ప్రశ్నే కదా ఇది? దుకాణం మూసిన మర్నాడు ఆ మనిషిని ఎవరు చూస్తారు?

సరిగ్గా ఆ మార్చి 25నే, అరగొండ కేంద్రం మొదలై ఇరవై ఏళ్ళు నిండిన మర్నాడు, దూరవైద్యానికి దేశంలో మొదటిసారిగా స్పష్టమైన నిబంధనలు వెలువడ్డాయి. అంతవరకూ ఫోనులో మందు చెప్పడం తప్పో ఒప్పో డాక్టర్లకే తేలేది కాదు. కొద్దికాలానికే నిమ్‌హాన్స్ వారు, మనోవైద్యుల సంఘం వారు కలిసి మానసిక వైద్యానికి ప్రత్యేకంగా సూచనలు తయారుచేశారు. ఈ-సంజీవని అనే ప్రభుత్వ దూరవైద్యం 2019 నవంబరులో అందరికంటే ముందు మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. పల్లె ఆరోగ్యకేంద్రంలో నర్సు దగ్గర రోగి కూర్చుంటే, దూరాన వున్న డాక్టరు తెర మీద చూసే పద్ధతి అది. 2020 ఏప్రిల్ నుంచి ఇంట్లోంచే డాక్టరును చూసే వీలు కూడా కల్పించారు.

ఇక డాక్టర్లు, కౌన్సెలర్లు ఈ కొత్త పనికి ఎలా అలవాటు పడ్డారో చూద్దాం. మనకు ఫోను పట్టుకోవడం తేలికే. వాళ్ళకు అది చదువు మళ్ళీ మొదలుపెట్టడం లాంటిది. గదిలోకి రోగి అడుగుపెట్టగానే అనుభవం వున్న డాక్టరు సగం సంగతి గ్రహిస్తుంది. నడకలో తూలు, ఊపిరిలో వాసన, గోళ్ళ మురికి, భార్య కూర్చున్న తీరు. తెర మీద వాసన రాదు. అందుకని కొత్త పద్ధతులు వచ్చాయి. "చేతులు రెండూ ముందుకు చాపి, వేళ్ళు విడదీసి కెమెరా ముందు పెట్టండి" అని వణుకు చూస్తారు. "నాలుగడుగులు నడవండి" అంటారు. "మాత్రల పట్టీ చూపించండి, ఎన్ని మిగిలాయో చూద్దాం" అంటారు. మొదట అడిగే ప్రశ్న జబ్బు గురించి కానేకాదు. "ఇప్పుడు మీరు ఎక్కడ వున్నారు? మీ పక్కన ఎవరున్నారు? లైను తెగితే ఏ నంబరుకు చెయ్యాలి? దగ్గరలో ఆసుపత్రి ఏది?" అని అడుగుతారు. ఎందుకంటే మాట్లాడుతుండగా అవతల మనిషికి ప్రమాదం ముంచుకొస్తే, డాక్టరు కుర్చీలోంచి లేచి పట్టుకోలేదు. ఎవరిని పంపాలో ముందే తెలిసి వుండాలి.

దూరం వల్ల వచ్చిన లాభాలూ వున్నాయి. ఆసుపత్రిలో "నేను మానేశాను డాక్టరుగారూ" అని చెప్పే మనిషి, ఇంట్లోంచి మాట్లాడేటప్పుడు వెనక భార్య ముఖం కనపడుతుంది, నిజం అక్కడే తెలిసిపోతుంది. వరసలో నిలబడి "వీడెందుకు వచ్చాడు?" అని ఎవరైనా చూస్తారేమో అన్న బెరుకు లేదు. కల్లం వదలకుండానే పది నిమిషాలు మాట్లాడవచ్చు. మళ్ళీ తాగినా, ఆసుపత్రికి రావడానికి ముఖం చెల్లని మనిషి ఫోను ఎత్తగలడు. తాగుడు జబ్బులో మళ్ళీ జారడం మామూలే. జారినవాడు తిరిగి డాక్టరుతో మాట్లాడడానికి ఎన్ని రోజులు పట్టిందన్నదే ముఖ్యం. చాలా దేశాల్లో జరిగిన పరిశీలనల్లో వీడియోలో జరిగిన మానసిక చికిత్స, ఎదురుగా కూర్చుని చేసినదానికి పెద్దగా తీసిపోలేదని తేలింది. తాగుడు మానినవాళ్ళ సంఘాలు కూడా 2020లో తమ సమావేశాలను వీడియోలోకి మార్చుకున్నాయి. ఒకప్పుడు ఒక్క ఫోనుతో పుట్టిన సంఘానికి అది కొత్తేమీ కాదు.

అయితే దూరవైద్యం అన్నింటికీ సరిపోదు, ఆ హద్దులు మీకు తెలియాలి. ఫిట్లు, కలవరింత, తెలివి తప్పడం, రక్తపు వాంతి, ప్రాణం తీసుకుంటానన్న మాట, ఇవి ఫోనుతో తీరేవి కావు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అందుకు 108 వుంది. మత్తు కలిగించే కొన్ని మాత్రలను దూరాన్నుంచి రాయకూడదని నిబంధన వుంది. కాబట్టి డాక్టరు "ఒకసారి మీరు రావాలి" అంటే విసుక్కోకండి.

ఆడవాళ్ళ విషయంలో ఇంకొక చిక్కు వుంది. మనలో ఎంతమందికి సొంత ఫోను, తలుపు వేసుకునే గది వున్నాయి? భర్త తాగి కొడుతున్నాడని చెప్పవలసిన మాట భర్త ఫోనులోనే, భర్త పక్కనుండగానే చెప్పాలంటే ఎలా? కౌన్సెలర్లు దీనికీ ఉపాయాలు నేర్చుకున్నారు. ముందు "మీరు ఒంటరిగా వున్నారా?" అని అడుగుతారు. లేదంటే అవును, కాదు అన్న జవాబులతో సరిపోయే ప్రశ్నలు వేస్తారు. ఏ వేళ మళ్ళీ మాట్లాడగలరో కనుక్కుంటారు. డాబా మీద బట్టలు ఆరేసే వేళ, పాలకు వెళ్ళే వేళ, మనకు దొరికే ఆ పావుగంటే ఎందరికో ఓపీ వేళ అయింది.

ఇంకొక ముఖ్యమైన మాట. పత్రికల్లో, గోడల మీద, ఇప్పుడు ఫోనుల్లో కూడా "మీ భర్తకు తెలియకుండా తాగుడు మాన్పించే పొడి" అని ప్రకటనలు చూస్తుంటాం. కూరలో కలిపి పెడితే చాలంటారు. ఎంతమంది ఇల్లాళ్ళు ఆశతో కొని వుంటారో! డెన్మార్కులో ఇద్దరు పరిశోధకులు 1940ల్లో కనిపెట్టిన డైసల్ఫిరామ్ అనే మందు ఒకటి వుంది. అది తీసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, ఒక్కోసారి ప్రాణాపాయమే వస్తుంది. అందుకే రోగికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాక, గుండె, కాలేయం పరీక్షించి మాత్రమే డాక్టర్లు ఇస్తారు. ఎవరికీ తెలియకుండా కలిపే పొడిలో ఏముందో మీకు తెలియదు. అది మీ చేత్తో మీరు పెట్టే అన్నం. దయచేసి ఆ పని చేయకండి. ఆ డబ్బూ ఆ ధైర్యమూ ఒక ఫోనుకు ఖర్చుపెట్టండి.

ఆ ఫోను ఎవరికి? 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, టెలిమానస్ అనే సేవ దేశమంతా మొదలయింది. నంబరు 14416. డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలరు వింటారు, అవసరమైతే మనోవైద్యులకు కలుపుతారు, ఇంకా అవసరమైతే దగ్గరి ఆసుపత్రి చెబుతారు. 2025లో అక్కడికి వచ్చిన ఫోన్లు ఇరవై లక్షలు దాటాయి. తాగుడు, మాదకద్రవ్యాల బాధలకు 14446 అనే నంబరు వేరే వుంది. తాగే మనిషే చెయ్యాలని లేదు, భార్య చెయ్యవచ్చు, తల్లి చెయ్యవచ్చు. అతను రానంటున్నా, మీరు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెబుతారు. మీ బాధకూ అక్కడ చోటు వుంది.

పోలీసు కేసవుతుందని భయపడి దాచుకునేవాళ్ళు ఇంకా వున్నారు. 2018 మే 29 నుంచి అమల్లో వున్న మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో వున్నవాడిగా చూడాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. ఆ పాత శిక్ష సెక్షను 2024 జులైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో అసలు లేదు. కాబట్టి దాచకండి.

మొదటి మందు గురించి కూడా ఒక్క మాట. శ్రీలంకలో 1995 నుంచి అతి విషమైన పురుగుమందులను వరసగా నిషేధిస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ళలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు మూడోవంతుకు దిగింది. బాధపడే మనిషి చేతికి ఆ క్షణంలో విషం అందకపోతే, ఆ క్షణం దాటిపోతుంది, చాలామంది బతుకుతారు. పల్లెలో మీ అన్నగారింటికి వెళ్ళినప్పుడు పురుగుమందు డబ్బా వంటింటి అటక మీదో, మంచం కిందో కనపడితే ఊరుకోకండి. తాళం వేసిన పెట్టెలో, ఇంటికి దూరంగా పెట్టించండి. తాళంచెవి ఒదినగారి దగ్గర వుంచండి.

మా వీధి చివరి పిన్ని ఇప్పుడు లేదు. ఆవిడ బిడ్డను అమ్మమ్మ పెంచింది. ఆ వెనకగది గడియ పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకు దారి తెలియలేదు, అంతే. ఈవేళ ఆ గదిలాంటి గది మీ బంధువుల్లో ఎవరింట్లో అయినా వుంటే, మాట్లాడకుండా మూల కూర్చున్న బాలింతో, రెండు రోజులుగా చేతులు వణుకుతున్న తమ్ముడో, పంట పోయినప్పటి నుంచి నిద్రపోని బాబాయో వుంటే, ఆ ఇంటికి దారి చెప్పవలసింది మీరే. ఫోను తీసి నంబరు నొక్కి వాళ్ళ చేతికివ్వండి. అవతలివారు పలికేదాకా పక్కన కూర్చోండి.

క్యాలెండరు మీద పాలవాడి లెక్క రాసుకుంటాం కదా, దాని పక్కనే ఈ అంకెలు కూడా రాసి పెట్టుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.